పాత నీళ్ళున్నాయా?

ఆ రోజు ఎమ్మిగనూరు నుంచి వచ్చి గుమ్మంలో కాలు పెట్టగానే బ్లీచింగ్ వాసన ముక్కుకు కొట్టింది. వాకిలంతా కడిగి ఉంది. వీధిలో మోరీ నిండుగా పారుతోంది. అంటే కొళాయి వచ్చిందన్నమాట. ఆదోనిలో కొళాయి రావడమంటే మాటలు కాదు, ఆ పూట వీధి వీధంతా పండగే. మామూలుగా అయితే నేనూ సంతోషించేదాన్ని. కానీ ఆ వాసన వాకిట్లో నుంచి కాదు, నడిమింట్లో నుంచి వస్తోంది. నడిమింట్లో నా చేపల తొట్టి ఉంది. చెప్పులు విడవకుండానే లోపలికి పరిగెత్తాను.

తొట్టి అద్దంలా మెరుస్తోంది. పొద్దున నేను బయల్దేరినప్పుడు అందులో నీళ్ళు డికాక్షన్ రంగులో ఉన్నాయి. చేపల ఒంటికి మంచిదని ఎండిన బాదం ఆకులు వేసి, వారాల తరబడి నేను తయారు చేసుకున్న రంగు అది. ఇప్పుడు ఆకుల్లేవు, రంగు లేదు. అడుగున గులకరాళ్ళు కూడా తోమినట్టున్నాయి.

"సూడమ్మే, ఎట్ల మెరుస్తాండాదో" అంది మా అత్త వెనక నుంచి. కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. ఆమె మొహంలో అంత సంతోషం నేను ఈ మధ్య చూడలేదు. "ఆ మురికి నీళ్ళన్నీ తోడి పారబోసినా. ఆకులు గూడా కుళ్ళిపోయిండె, తీసేసినా. పాపం, ఎట్ల బతుకుతాండాయో వాట్లో!"

నాకు నోట మాట రాలేదు. మా ఇంట్లో అది అరుదైన సంగతే.

ఆ తొట్టిలో ఉన్నవి అంగట్లో కొన్న రంగు చేపలు కావు. ఎమ్మిగనూరులో మా పుట్టింటి వెనక ఒక వంక ఉండేది. మాది మగ్గాల ఇల్లు. అద్దకం వేసిన నూలును మా వాళ్ళు ఆ వంక గట్టున ఆరేస్తుంటే, నేను నీళ్ళలో దిగి రాళ్ళ కింద చెయ్యి పెట్టి చిన్న కొర్ర చేపల్ని పట్టేదాన్ని. కొర్రమీను అందరికీ తెలుసు, కూరకు పేరు మోసింది. ఇది దాని చుట్టమే గానీ జానెడు కూడా ఉండదు. ఒళ్ళు నీలం, రెక్కల అంచున నారింజ రంగు గీత. చీర అంచులు చూస్తూ పెరిగిన పిల్లను కాబట్టి ఆ అంచు నా కంట్లో నిలిచిపోయింది.

కొన్నేళ్ళ కింద ఆ వంకను మట్టి తోలి పూడ్చేశారు, ప్లాట్లు వేశారు. పూడ్చక ముందు మా అన్న ఒక జంటను పట్టి, అద్దకం బకెట్లో వేసుకుని బస్సులో ఆదోనికి తెచ్చిచ్చాడు. "ఇంగ ఇవే మే, మళ్ళ దొరకవు" అన్నాడు. నేను నమ్మలేదు. ఎక్కడ నీళ్ళు కనబడితే అక్కడ దిగాను. కాలవ గట్లు తిరిగాను. తుంగభద్రలో, మాధవరం దగ్గర, మోకాలి లోతు నీళ్ళలో పొద్దంతా నిలబడి చూశాను. కొర్రలు ఉన్నాయి గానీ ఆ నారింజ అంచువి ఒక్కటీ లేవు. మా వంక చేపలంటూ ఈ భూమ్మీద మిగలాలంటే నా తొట్టిలోనే మిగలాలి. వాటి చేత పిల్లల్ని పెట్టించి తీరాలని పట్టు పట్టాను.

పట్టు నాది, కష్టం మగ చేపది. ఈ జాతిలో గుడ్లు పెట్టేది ఆడది, మోసేది మగాడు. గుడ్లన్నీ నోట్లోకి తీసుకుని, అవి పిల్లలై ఈదే దాకా అలాగే పట్టుకుని ఉంటాడు. అన్నాళ్ళూ తిండి ముట్టడు. ఎవరైనా అద్దం మీద వేలితో కొట్టినా, కుక్కర్ విజిల్ గట్టిగా కూసినా, బెదిరిపోయి గుటుక్కున మింగేస్తాడు. అంతకు ముందు అలా ఎన్నిసార్లు మింగాడో. మింగిన రోజున నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేదాన్ని కాదు. మా ఆయన పత్తి మార్కెట్ నుంచి వచ్చి, నా మొహం చూసి, "మింగినాడా?" అని ఒక్క మాట అడిగి, మారు వడ్డించమనకుండా తిని లేచేవాడు.

ఈసారి మింగలేదు. తొట్టికి మూడు వైపులా పాత చీర కట్టాను. కుక్కర్ అటకెక్కించి గిన్నెలో అన్నం వార్చాను. మా అత్త మొదట్లో ఎగతాళి చేసింది. "కూర వండుకునే దానికి పురుడు పోస్తాండావు" అంది. తర్వాత తనే తొట్టి ముందు పీట వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. వాడి ఉబ్బిన దవడ వైపు చూసి, నా వైపు చూసి, "నీ నోట్లో నువ్వుగింజ నానదు. వాన్ని సూసి నేర్సుకో" అనేది. నేను ఉడుక్కునేదాన్ని గానీ లోపల సంతోషంగానే ఉండేది. ఇంట్లో ఇంకొకరికి వాడి మీద ధ్యాస పడింది కదా అని.

ఇంక రేపో మాపో పిల్లలు బయటికొస్తాయి. వాటికి కంటికి ఆనీ ఆనని నీటి పురుగులు మేతగా కావాలి. వాటి కోసమే ఆ పొద్దున ఎమ్మిగనూరు వెళ్ళాను. ఊరి బయట గుంటలో పలచటి గుడ్డతో వడకట్టి, సీసాలో పట్టి తెచ్చుకున్నాను. ఆ సీసా ఇంకా నా చేతిలోనే ఉంది.

మా ఊరి సంగతి కొంత చెప్పాలి. కొళాయి ఎప్పుడొస్తుందో మా వీధిలో ఎవరికీ తెలియదు. వచ్చిన రోజు మాత్రం ప్రతి ఇల్లూ ఒకటే పని చేస్తుంది. ఉన్న పాత నీళ్ళన్నీ దించేసి, పాత్రలు తోమి, కొత్త నీళ్ళు పట్టుకుంటుంది. పాత నీళ్ళు గుడ్డలకు, వాకిళ్ళకు, బాత్రూములకు పోతాయి. తాగడానికీ వండడానికీ ఒకరికి ఇవ్వడానికీ అవి పనికిరావు. ఇంటికొచ్చిన మనిషికి నిలవ నీళ్ళు ఇస్తే మర్యాద తక్కువ చేసినట్టే. మా అత్త ఆ రోజు నా చేపలకు మర్యాద చేసింది.

కానీ ఆ కొత్త నీళ్ళలో బ్లీచింగ్ ఉంటుంది. మనం తాగి ఊరుకుంటాం. చేపకు అది మొప్పల్లో నిప్పు. కొన్నాళ్ళు మూత తీసి నిలవ ఉంచితే పోతుంది. అందుకే వరండాలో ఒక నీలం డ్రమ్ము పెట్టుకుని వాటి కోసమని నీళ్ళు నిలవ ఉంచేదాన్ని. పరిగెత్తి పోయి డ్రమ్ములోకి తొంగి చూశాను. అంచు దాకా నిండి ఉంది. అందులోనూ అదే వాసన.

"డ్రమ్ములో ఉన్న నీళ్ళు ఏమైనాయత్తా?"

"అవి గూడా పారబోసి, కడిగి, పట్టినా. నాచు పట్టిండె గదమ్మే."

నేను దాచుకున్న నీళ్ళు కూడా మోరీలో కలిశాయన్నమాట.

తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. మగాడు కొబ్బరి చిప్ప నీడలో ఉన్నాడు. దవడ ఇంకా ఉబ్బే ఉంది. గుడ్లు ఉన్నాయి. కానీ మొప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి. ఈ జాతి చేప పైకొచ్చి గాలి కూడా పీల్చుకుంటుంది, మామూలుగా ఎప్పుడో ఒకసారి. ఇప్పుడు వాడు పైకొచ్చి, నోరు కాస్తంత తెరిచి, దిగి, దిగీ దిగగానే మళ్ళీ పైకొస్తున్నాడు. వాడు నోరు తెరిచినప్పుడల్లా గుడ్లు జారిపోతాయేమోనని చూశాను. ఆడది వెనక మూలన అద్దానికి ఆనుకుని ఉంది. అది కదలడం లేదు.

"సంపేసినావు గదత్తా!" అని అరిచాను. "నేను లేనప్పుడు వాటిని ముట్టుకోమని నీకెవరు సెప్పినారు? నీ పని నువ్వు సేసుకోకూడదా?"

ఆమె మొహంలో సంతోషం ఆరిపోయింది. "నిదానంగానే పోసినా మే. వాని మీద పడకుండా సెయ్యడ్డం పెట్టి పోసినా" అంది.

అది నిజమే అయ్యుంటుంది. లేకపోతే వాడు అప్పుడే మింగేసి ఉండేవాడు. కానీ నిజాలు వినే ఓపిక నాకు ఆ క్షణంలో లేదు.

వాణ్ణి ఎత్తి వేరే దాంట్లో వెయ్యడానికి వీల్లేదు. వల తగిలితే గుడ్లు మింగుతాడు, లేదా ఉమ్మేస్తాడు. వాణ్ణి కదపకుండా చుట్టూ ఉన్న నీళ్ళే మార్చాలి. అంటే పాత నీళ్ళు కావాలి, అదీ ఇప్పుడే. బ్లీచింగ్ విరిచే మందు చుక్కలు దొరుకుతాయి గానీ, డ్రమ్మును నమ్ముకుని వాటిని కొనడం ఎప్పుడో మానేశాను. రంగు చేపల అంగడికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. కాచి చల్లార్చాలంటే సాయంత్రమవుతుంది. క్యాన్ల నీళ్ళలో సారమే ఉండదు, తొట్టంతా వాటితో నింపితే అదింకో దెబ్బ. వీధి బోరు ఎండాకాలం మొదట్లోనే గాలి ఊదింది. చివరికి కూలర్ మూత తీసి చూశాను. అందులోనూ కొత్త నీళ్ళే. ఇంత పనిమంతురాలు ఊళ్ళో ఇంకొకరుండరు.

గాలి మోటారు గట్టిగా పెట్టి, రెండు బకెట్లు తీసుకుని వీధిలో పడ్డాను.

పక్కింటామె గుమ్మం కడుగుతోంది. "పాత నీళ్ళున్నాయా?" అని అడిగాను. దొంగ సొత్తు అడిగినట్టు చూసింది. "మా ఇంట్లో పాత నీళ్ళేంటికుంటాయి? ఇప్పుడే గదా అన్నీ కడిగి పడితి" అంది. ఎదురింటామె, "కొత్తవి కావాలంటే బిందెడు తీస్కపో. పాతవి యాడుండాయి?" అంది. మూల మీద దర్జీ మిషను ఆపి, "ఏమక్కా, ఎవరికన్నా దిష్టి తీస్తాండావా?" అన్నాడు. ఆయన భార్య లోపలి నుంచి, పాత నీళ్ళు అడిగి తీసుకుపోతే ఇంటికి మంచిది కాదని కేకేసింది. ఆమెకు జవాబు చెప్పడానికి కూడా ఆగలేదు.

ప్రతి వాకిలీ తడిగా ఉంది. వీధిలోని పాత నీళ్ళన్నీ మోరీలో పడి పరిగెడుతున్నాయి. వాటి పక్కన నేను ఖాళీ బకెట్లతో పరిగెడుతున్నాను. ఇంకో రోజైతే నాకే నవ్వొచ్చేది. ఆ రోజు మాత్రం కళ్ళ ముందు వాడు నోరు తెరవడమే కనబడుతోంది. ఏడుపొచ్చింది. దాన్ని కోపంలోకి మళ్ళించుకున్నాను, నాకు అలవాటైన దారి అదే.

మా వీధి చివర గుట్ట ఎక్కుతుంది. కొళాయి నీళ్ళు ఆ ఎత్తుకు ఎక్కవు. కింది ఇళ్ళ వాళ్ళు పట్టుకోగా మిగిలిన ధార దగ్గర గుట్ట మీది వాళ్ళు వరస కడతారు. ఆ రోజు వాళ్ళ వంతు రాకముందే ధార నిలిచిపోయిందని దర్జీ ఇంటి ముందు ఎవరో అంటుంటే చెవిన పడింది. అంటే అక్కడ పాత నీళ్ళు ఉంటాయి. ఆ ఆలోచన రాగానే గుట్ట ఎక్కాను.

మొదటి ఇంట్లో నా ఈడు మనిషి ఉంటుంది, కోసిగి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కూలి కుటుంబం. సుగ్గి వలసకని ఇంటిల్లిపాదీ గుంటూరు దిక్కుకు మిరపకాయలు కోయడానికి పోయి, ఈ మధ్యనే తిరిగొచ్చారు. గుడిసె ముందు ప్లాస్టిక్ పీపా ఒకటి ఉంది. అడగకుండానే మూత ఎత్తాను. సగానికి నీళ్ళున్నాయి. వంగి వాసన చూశాను. ఏ వాసనా లేదు.

"ఏమక్కా, ఏం సూస్తాండావు?" అంది ఆమె బయటికొచ్చి.

"పాత నీళ్ళు కావాలమ్మా."

ఆమె మొహం మారింది. "మాకు పాత నీళ్ళే గతి అని ఎగతాళి సేసేదానికి ఈడిదాకా ఎక్కొచ్చినావా? మీకు కొత్తవి వచ్చినాయిలే, మాకు రాలేదు. ఇవి అయిపోతే మా పిల్లోళ్ళకు తాగేదానికి లేవు."

చేప అన్నాను, గుడ్లు అన్నాను, నోట్లో మోస్తాడన్నాను, బ్లీచింగ్ అన్నాను. చెప్పేకొద్దీ నా మాట నాకే తప్పుగా వినబడింది. పిల్లలకు తాగడానికి లేని ఇంట్లో చేపకు నీళ్ళడుగుతున్నాను. ఆమె పీపాకు మూత వేసి, దాని మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఆమె చోట నేనుంటే కర్ర తీసి ఉండేదాన్ని. బకెట్లు పట్టుకుని వెనక్కి తిరిగాను.

తిరిగేసరికి మా అత్త గుట్ట ఎక్కుతోంది, వీధిలో నేనడిగిన మాట విన్నట్టుంది. నడుం మీద నిండు బిందె. మోకాళ్ళ నొప్పులని గుడికి కూడా ఆటోలో పోయే మనిషి. చీర సగం తడిసిపోయి ఉంది, కాళ్ళకు చెప్పుల్లేవు. నా వైపు చూడలేదు. నేరుగా పోయి ఆ ఇంటామె కాళ్ళ దగ్గర బిందె దించింది.

"ఇవి కొత్తవి. ఇప్పుడే పట్టినవి" అంది ఆయాసపడుతూ. "ఈ బిందె నువ్వు పెట్టుకో. బిందెడు పాతవి మాకు పొయ్యి."

ఆమె బిందెలోకి చూసింది, మా అత్తను చూసింది. "కొత్తవిచ్చి పాతవి తీసుకుంటావా పెద్దమ్మా? పిచ్చిగాన పట్టిందా?"

"నాకేం పట్టలేదు. మా చేపకు కష్టమొచ్చింది. నువ్వు పొయ్యమ్మా, టైము లేదు."

మా చేప అంది. అప్పటిదాకా అవి ఎప్పుడూ నా చేపలే. నేను బకెట్లు పీపా దగ్గర పెట్టాను.

ఆ మాట పక్క గుడిసెలకు పాకింది. ఆడవాళ్ళు పాత నీళ్ళ బిందెలతో మా ఇంటికి దిగారు, డ్రమ్ములో నుంచి కొత్త నీళ్ళు నింపుకుని ఎక్కారు. మా అత్త డ్రమ్ము దగ్గర నిలబడి చెంబుతో పోసింది, ఎవరికీ తక్కువ కాకుండా. నేను తొట్టి దగ్గర కూర్చుని, రబ్బరు గొట్టంతో ఒక పక్క బ్లీచింగ్ నీళ్ళు లాగుతూ, ఇంకో పక్క పాత నీళ్ళు సన్నటి ధారగా వదిలాను. ఎవరూ లోపలికి రావద్దన్నాను, ఎవరూ రాలేదు. పీపా ఇంటామె మాత్రం తలుపు సందులో నుంచి తొంగి చూసింది. "మొగోడు మోస్తాడా? మా ఇంటాయనకు సూపీయల్ల" అని గుసగుసలాడింది. నవ్వడానికి నాకు ధైర్యం చాలలేదు.

మధ్యలో ఒకసారి వాడు పైకొచ్చినప్పుడు నోటి పక్క నుంచి పసుపు చుక్క లాంటిది జారింది. తోక మొలిచిన గుడ్డు. గిరగిరా తిరుగుతూ అడుగుకు పోయింది. అయిపోయింది, ఉమ్మేస్తున్నాడనుకున్నాను. వాడు దిగాడు. దాని వైపు తిరిగాడు. దాని ముందు అలాగే ఆగి, మొప్పలు ఆడిస్తూ, ఎంతకీ కదల్లేదు. ఆఖరికి మెల్లగా నోట్లోకి తీసుకున్నాడు. మింగాడో దాచుకున్నాడో నాకు తెలియలేదు. దవడ మాత్రం ఉబ్బే ఉంది. నేను నీళ్ళు వదులుతూనే ఉన్నాను.

పొద్దు వాలే వేళకు మొప్పల వేగం తగ్గింది. అప్పుడు దాహం గుర్తొచ్చింది. వంటింట్లోకి పోతే తాగే నీళ్ళ బిందెలన్నీ తోమి బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి.

"ఇవేమత్తా, వీట్లోకి పట్టలేదా?"

"ముందు తొట్టికి, డ్రమ్ముకు పట్టినా" అంది పొయ్యి వైపు చూస్తూ. "అవి అయ్యేసరికి కొళాయి నిలిచిపాయ. డ్రమ్ములోవి మనం తాగుదాములే అనుకుంటి. అవి అట్ల పాయ."

గుట్ట మీది నుంచి వచ్చిన పాత నీళ్ళు బకెట్ అడుగున కొన్ని మిగిలి ఉన్నాయి. ఇద్దరం చెరో గ్లాసు అవే తాగాం. నాకు సిగ్గేసింది. కోపం మాత్రం పూర్తిగా పోలేదు. తప్పయిందని ఆమె అనలేదు, నేనూ అనలేదు.

మర్నాడు పొద్దున ఆడ చేప చనిపోయి ఉంది. మొప్పలు తెల్లగా పాలిపోయాయి. మా అత్త స్నానానికి పోయినప్పుడు దాన్ని తీసి, కాగితంలో చుట్టి, మల్లె కుండీలో పాతిపెట్టాను. ఆమె వచ్చి "ఆడది యాడమ్మే?" అని అడిగితే, "పిల్లలొచ్చే దాకా వాడు ఒంటిగా ఉండల్ల. మిద్దె మీద టబ్బులో ఏసినా" అన్నాను. ముందురోజు బిందె ఎత్తుకుని గుట్ట ఎక్కిన మనిషికి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. సరే అని ఆమె ఊరుకుంది.

ఆ తర్వాతి రోజులు ఇంట్లో ఎవరం గట్టిగా నడవలేదు. వాడి వీపు ఎముక తేలింది, తల మాత్రం పెద్దదిగా కనబడుతోంది. మా ఆయన చెప్పులు వీధిలోనే విడిచి వచ్చేవాడు. బతికున్నవాటినే మోస్తున్నాడో, చచ్చినవాటిని మోస్తున్నాడో వాడు నోరు తెరిస్తే గానీ తెలియదు. నాకు ముద్ద దిగేది కాదు. దిగడం లేదని మా అత్త కంచం ముందు కూర్చోబెట్టి తినిపించినంత పని చేసింది.

ఒక పొద్దున ఆమే మొదట చూసింది. "మే, రా రా! పొగ వదులుతాండాడు!" అని కేకేసింది.

పరిగెత్తి పోయాను. వాడి నోటి ముందు చిన్న చిన్న పిల్లలు, పొగ తెర లాగానే, కదులుతున్నాయి. నేను ఆశపడినన్ని లేవు. గుప్పెడు ఉంటాయేమో. కానీ ఈదుతున్నాయి. మా వంక పూర్తిగా పోలేదు. నేను అక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడుస్తూనే నీటి పురుగులను చుక్క చుక్కగా వేశాను. మా అత్త నా వీపు మీద చెయ్యి వేసింది.

"తల్లిని గూడా తెచ్చి సూపీయరాదా" అంది.

"ఇప్పుడే వద్దత్తా. టబ్బులోనే ఉండనీ కొన్నాళ్ళు."

ఆమె తొట్టి మీద నుంచి కళ్ళు తిప్పలేదు. "ఆ మర్నాడే మిద్దె ఎక్కి సూసినా మే. ఆడ టబ్బే లేదు" అంది. అన్నాళ్ళూ ఆ సంగతి మనసులో పెట్టుకుని, నాకు అన్నం వడ్డించి, తొట్టి ముందు పీట మీద కూర్చుందన్నమాట. "నేను పోసిన నీళ్ళకేనా?"

అబద్ధం ఇంకొకటి వెతికాను. దొరకలేదు. "అవునత్తా" అన్నాను.

ఆమె తల ఊపింది. పిల్లలు తండ్రి నోటి చుట్టూ మూగుతున్నాయి. "అంత మంచి నీళ్ళు గదమ్మే" అంది. "మనకు గూడా పెట్టుకోకుండా పోస్తి."

ఆమె పీట దగ్గరికి జరిగి, పక్కన నేల మీద కూర్చున్నాను.